అక్క చెప్పిన అంకె

మూగన్నకి మాటలు రాక ఆ పేరు రాలేదు. ఇంట్లో అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు. వేలం పాటల దగ్గర నోరు విప్పనందుకు డబ్బు తీసుకునే మనిషి కాబట్టి తోటి పాటదార్లు ముద్దుగా పెట్టుకున్న పేరది. పన్నెండేళ్ళుగా అదే అతని ఉద్యోగం, అదే వ్యాపారం. విజిటింగ్ కార్డు మీద మాత్రం "పాత యంత్రాల కొనుగోలు, అమ్మకం" అని ఉంటుంది. ఆ కార్డులు అచ్చువేసి ఇచ్చింది వాళ్ళక్కే.

కాస్త వివరంగా చెప్పకపోతే ఇదేం బతుకో అర్థం కాదు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీ మూతపడుతుంది. బ్యాంకువాళ్ళు యంత్రాలు వేలం వేస్తారు. పాటలో కూర్చోవాలంటే ముందుగా కొంత సొమ్ము జమ కట్టాలి, దాన్ని ధరావతు అంటారు. ధరావతు కట్టిన పదిమందీ బుద్ధిగా పోటీ పడితే ధర పెరుగుతుంది, బ్యాంకు బాకీ తీరుతుంది, యంత్రాలు పోగొట్టుకున్నవాడికి కాస్త ఊపిరాడుతుంది. కానీ ఆ పదిమందీ అంత అమాయకులైతే వ్యాపారంలోకి ఎందుకొస్తారు? పాటకి ముందే టీ కొట్లో కూర్చుని సరుకు ఎవరికి పోవాలో తేల్చేసుకుంటారు. లోపల ఆ ఒక్కడే చవగ్గా పాడుకుంటాడు. మిగతా తొమ్మిదిమందీ గోడమీద బల్లుల్లా చూస్తూ కూర్చుంటారు. అలా కూర్చున్నందుకు సాయంత్రం ఎవరి వాటా వాళ్ళకి ముడుతుంది. ఈ తొమ్మిదిమందిలో ఎనిమిదిమందికి కొట్లున్నాయి, గోడౌన్లున్నాయి, లారీలున్నాయి. మూగన్నకి ఒక బ్రీఫ్‌కేసు, రెండు ఇస్త్రీ చొక్కాలు, ధరావతుకి సరిపడా సొమ్ము ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్క మేకు కొన్న పాపాన పోలేదు.

ఇది తప్పని అతనికెప్పుడూ అనిపించలేదు. "నేను ఎవడి జేబులోనూ చెయ్యి పెట్టలేదు. వెళ్ళాను, కూర్చున్నాను, లేచొచ్చాను," అనేవాడు భార్యతో. ఆవిడ ఊఁ కొట్టేది కానీ సగం వినేది కాదు. ఆవిడ ధ్యాసంతా ఫ్లాటు మీద. నాలుగో అంతస్తు, లిఫ్టు, రెండు బాల్కనీలు, వంటింట్లో నిలబడితే తూర్పు నుంచి వెలుతురు. మొగుడూ పెళ్ళాం ఇప్పటికి పదకొండుసార్లు వెళ్ళి చూసొచ్చారు. వాచ్‌మన్ వాళ్ళని చూడగానే అడక్కుండానే తాళం తీస్తున్నాడు. ముందుగా కట్టాల్సింది ఇరవై లక్షలు. చేతిలో పన్నెండు ఉన్నాయి. ఇంకో ఎనిమిది తెస్తే నెలాఖరుకి ఇల్లు వాళ్ళది, తేకపోతే వెనకాల క్యూలో ఇంకో జంట ఉంది. ఆ ఎనిమిది కోసం మూగన్నకి నిద్ర కరువైంది.

అలాంటి రోజుల్లో అక్క కబురు పెట్టింది.

అక్కది ప్రింటింగ్ ప్రెస్సు. కింద ప్రెస్సు, మేడ మీద కాపురం. రెండేళ్ళ కిందట బావ పోయినా అక్క ప్రెస్సు మూయలేదు. కానీ పెద్ద మెషిన్ కోసం బావ తెచ్చిన అప్పు మీదికి మీదికి ఎక్కి, చివరికి బ్యాంకువాళ్ళొచ్చి మెషిన్లకి సీలు వేసి పోయారు. మూగన్న వెళ్ళేసరికి అక్క ఆ సీలు పక్కనే స్టూలు వేసుకుని, గుడ్డతో మెషిన్ పళ్ళచక్రం తుడుస్తోంది.

"ఎవరి కోసమక్కా తుడవడం? వాళ్ళు పట్టుకెళ్ళేదేగా."

"మురికిగా ఉంటే తక్కువకి పోతుందిరా," అంది అక్క. "కూర్చో. నీతో పనుంది."

అమ్మ పోయాక పదో ఏట నుంచీ మూగన్నని పెంచింది ఈ అక్కే. స్కూలు ఫీజు, మొదటి సైకిలు, పెళ్ళిలో వేసుకున్న చొక్కా, ఆఖరికి అతను కట్టిన మొట్టమొదటి ధరావతు కూడా అక్క డబ్బే. తమ్ముడు యంత్రాలు కొని అమ్ముతాడనే ఆవిడ నమ్మకం. అంతకు మించి ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

"బ్యాంకు ఆఫీసరమ్మ లెక్క చెప్పింది," అంది అక్క. "ప్రెస్సుకి ఇరవై నాలుగు లక్షలొస్తే బాకీ మొత్తం చెల్లు. తగ్గితే తగ్గినదానికి మేడ మీదకొస్తారు. నాకా ఇల్లు తప్ప ఇంకేముంది చెప్పు? పద్నాలుగు నుంచి పాట మొదలెడతారట. నువ్వు కొనక్కర్లేదు. నీ పక్కవాడితో పోటీ పడి ఇరవై నాలుగు దాకా లాక్కెళ్ళి వదిలేయ్. ఆపైన ఎవడు పట్టుకుపోతే నాకేం."

"అంతేనా? దానికి కబురెందుకు, ఫోన్లో చెబితే చాలదూ?"

"మొహం చూసి అడగాలనిపించింది."

మూగన్నకి కళ్ళు చెమర్చాయి. "ఇరవై నాలుగు దాటిస్తానక్కా. మెషిన్ల విలువ ముప్పై పైమాటే. నువ్వు గుండె మీద చెయ్యేసుకుని పడుకో," అన్నాడు. ఆ మాట ఇచ్చినప్పుడు అతని మనసులో ఏ మూలా కల్మషం లేదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది విని, వీడు మొదట్నుంచీ ఇంతేనని మీరు అనేసుకుంటారు.

పాట రోజు పొద్దున్నే టీ కొట్లో అందరూ చేరారు. పాత ఇనుము వ్యాపారంలో తల నెరిసిన మనిషొకాయన ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు. ఎవరు ఏది పాడుకోవాలో ఆయనే తేలుస్తాడు. ప్రెస్సు తనకి కావాలన్నాడు. పదిహేనుకి ముగించేస్తానన్నాడు. "నోరు మెదపనందుకు తలకి లక్ష. అందరికీ సమ్మతమేగా?" అని చుట్టూ చూశాడు.

అది మా అక్కదండీ అని చెప్పడానికి మూగన్నకి అంతకన్నా మంచి సమయం లేదు. నోటిదాకా వచ్చింది. చెబితే తనని పాటకి రానివ్వరేమో, పక్కకి తీసుకెళ్ళి బతిమాలతారేమో అని నీళ్ళు నమిలాడు. అతను మాట్లాడకపోవడం ఎవరికీ వింతగా అనిపించలేదు.

వేలం జరిగేది బ్యాంకు రెండో అంతస్తులో. నీలం ప్లాస్టిక్ కుర్చీలు, ఒకటే తిరిగే ఫ్యాను, గోడకి ఎవరో రిటైరైన మేనేజర్ల ఫొటోలు. ఆఫీసరమ్మ బల్ల వెనక కూర్చుంది. పెద్దాయన రెండో వరసలో కుర్చీ మీద వెనక్కి వాలి, ఎడంచెయ్యి కుర్చీ వీపు మీదుగా కిందికి వేలాడేశాడు. మూగన్నది నాలుగో వరస. ఆఖరి వరసలో, తలుపు పక్కన, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అక్క కూర్చుంది. ఎందుకొచ్చావన్నట్టు చూశాడు. ఆవిడ చిన్నగా నవ్వింది.

"పద్నాలుగున్నర," అన్నాడు పెద్దాయన, ఆవులించినంత తీరిగ్గా.

"పదిహేను," అన్నాడు మూగన్న.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తోటి పాటదారు, లేత్ షాపతను, చేతిలో ఫోను వదిలేశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన మాత్రం తల తిప్పలేదు. "పదిహేనున్నర," అన్నాడు. వెనక వేలాడుతున్న చేతికి రెండు వేళ్ళు నిటారుగా లేచాయి.

మూగన్నకి అర్థమవడానికి క్షణం పట్టలేదు. తను రేటు పెంచమంటున్నాననుకున్నాడు పెద్దాయన. లక్ష చాలదంటున్నావా, సరే రెండు తీసుకో, నోరు మూసుకో అంటున్నాడు. పన్నెండేళ్ళు పెదవి విప్పనివాడు ఇవాళ విప్పాడంటే ఇంకెందుకు విప్పుతాడని వాళ్ళ లెక్క. మూగన్నకి లోపల్లోపల నవ్వొచ్చింది. నవ్వుతోపాటు ఇంకేదో కూడా వచ్చింది, దానికప్పుడు పేరు పెట్టుకోలేదు.

"పదిహేడు," అన్నాడు.

"పదిహేడున్నర." మూడు వేళ్ళు.

"పంతొమ్మిది."

"పంతొమ్మిదిన్నర." నాలుగు.

ఇదేదో బాగానే ఉందే అనిపించింది మూగన్నకి. తను ఒక మెట్టెక్కితే అక్కకి మేలు, ఆ మెట్టు మీద తనకీ ఓ లక్ష. ఇందులో ఎవరికి నష్టం? ఒకే నోటితో ఇద్దరికీ మంచి జరుగుతుంటే కాదనేదెవరు? ఇరవై ఒకటన్నాడు. పెద్దాయన ఇరవై ఒకటిన్నర అని, అయిదు వేళ్ళూ చాపి, పిడికిలి మూసి, మళ్ళీ ఒకటి తెరిచాడు. ఆరు.

అప్పట్నుంచి మూగన్న ఆఫీసరమ్మ వైపు చూడటం మానేశాడు. అతని చూపంతా ఆ కుర్చీ వీపు మీదే. ఆ చేతికి బొటనవేలి గోరు నల్లబడి ఉంది, ఉంగరం కాస్త బిగుతుగా ఉంది. ఈ చేతిలోంచి వంటింట్లోకి వెలుతురు వస్తోంది, లిఫ్టు పైకి వెళుతోంది, భార్య బాల్కనీలో బట్టలారేస్తోంది. ఇరవై రెండు అన్నాడు. పెద్దాయన కొంచెం ఆగి ఇరవై రెండున్నర అన్నాడు. చెయ్యి చాపి మూసి, మూడు వేళ్ళు తెరిచాడు. ఎనిమిది.

ఎనిమిది! నెలాఖరులోగా కావాల్సిన ఎనిమిది. నోరు మూసుకుంటే చాలు, సాయంత్రానికి ఇల్లు తనది.

"ఇరవై రెండున్నర, ఒకటోసారి," అంది ఆఫీసరమ్మ.

మరి అక్క? ఇరవై రెండున్నరకి ఆగితే అక్కకి ఒకటిన్నర తగ్గుతుంది. తన ఎనిమిదిలోంచి ఇచ్చేస్తే సరి. ఇస్తే మాత్రం తనకి ఆరున్నరే మిగులుతుంది, ఫ్లాటుకి చాలదు. ఇంకొక్క మాట పాడితే? తొమ్మిదో పదో చూపిస్తాడు. అప్పుడు అక్క గొడవా తీరుతుంది, తన ఎనిమిదీ తనకుంటుంది. ఇలా ఆలోచించాడు మూగన్న. చూశారా, ఎంత నీటుగా ఉందో లెక్క! అక్క పేరు ప్రతి వాక్యంలోనూ ఉంది.

"రెండోసారి."

"ఇరవై నాలుగు!" అన్నాడు మూగన్న.

పెద్దాయన చెయ్యి కుర్చీ వెనక నుంచి మెల్లగా లేచింది. లేచి ముందుకెళ్ళి, రెండో చేతితో కలిసి ఒళ్ళో పడుకుంది. ఆయన ఇంక నోరెత్తలేదు. మూగన్నకి తెలియని సంగతి ఒకటుంది. ఆ ప్రెస్సుకి నలభై ఇస్తానన్న బేరగాణ్ణి పెద్దాయన ముందే చూసుకున్నాడు. మిగతా ఎనిమిదిమంది వాటాలూ పోను, మూగన్నకిచ్చేది ఎనిమిది దాటితే ఆయనకి మిగిలేది గాలే. కొట్టూ గోడౌనూ ఉన్న ఎవడికైనా ఆ లెక్క తెలిసేది. ఎన్నడూ ఏదీ కొని అమ్మనివాడికి, ఎదుటివాడు ఎక్కడ ఆగుతాడో ఎలా తెలుస్తుంది?

"ఇరవై నాలుగు, ఒకటోసారి... రెండోసారి..."

మూగన్న పెద్దాయన వీపు వైపు చూశాడు. అనండీ, ఏదో ఒకటి అనండీ అని మనసులో కాళ్ళావేళ్ళా పడ్డాడు. వీపు కదల్లేదు.

"మూడోసారి. ఖాయం."

కొట్టు లేదు, గోడౌను లేదు, ఓ ప్రెస్సు తన నెత్తిన పడింది. సరిగ్గా అప్పుడే వెనక కుర్చీ కిర్రుమంది. అక్క లేచి నిలబడింది.

"మా తమ్ముడండీ!" అంది ఆఫీసరమ్మతో, హాలంతా వినబడేలా. "నా ప్రెస్సు నాకే మిగల్చాలని పాడాడు. ఇరవై నాలుగు తేవాలని నేనడిగాను. సరిగ్గా ఇరవై నాలుగే తెచ్చాడు."

అందరూ తలలు తిప్పి చూశారు. ఆఫీసరమ్మ మొహం విప్పారింది. అలాంటి తమ్ముళ్ళు ఈ రోజుల్లో అరుదమ్మా అంది. నాలుగో వంతు ఇవాళే మూడింటిలోగా కట్టాలనీ, ధరావతు ఒకటిన్నర పోను నాలుగున్నర లక్షలవుతుందనీ, మిగతాదానికి పదిహేను రోజుల గడువనీ చెప్పింది. కట్టకపోతే ధరావతు బ్యాంకుదే, ప్రెస్సు మళ్ళీ వేలానికొస్తుంది.

మెట్ల దగ్గర పెద్దాయన మూగన్న భుజం మీద చెయ్యేశాడు. కోపంగా లేడు, అందుకే ఎక్కువ భయమేసింది.

"మొదటిసారి పాడావు కదా, ఎక్కడ ఆగాలో తెలియలేదు. పోన్లే. డబ్బు కట్టకు. వచ్చే నెల మళ్ళీ వేలం వేస్తారు, నేను పదిహేనుకే తీసుకుంటాను. పోయిన నీ ధరావతు నేనిస్తాను, పైన మూడు లక్షలిస్తాను. కింద కార్లో ఉంటాను, పది నిమిషాల్లో చెప్పు." రెండు మెట్లు దిగి ఆగాడు. "ఆవిడ నీకు సొంతక్కా?"

"అవును."

"పొద్దున టీ దగ్గరే చెప్పుండాల్సింది," అని దిగిపోయాడు.

వరండాలో క్యాష్ కౌంటరు ఎదురుగా ఒక చెక్కబెంచీ ఉంది. అక్క దాని మీద కూర్చుని ఉంది. మూగన్న వెళ్ళి పక్కన కూలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. భార్య. తీయలేదు. మోగి మోగి ఆగిపోయింది.

"బాగా కేకేశావక్కా," అన్నాడు, ఏమనాలో తెలియక.

"అందరి ముందూ అంటే కట్టకుండా పోలేవని," అంది అక్క.

మూగన్న తల తిప్పి చూశాడు. హాల్లో వెలిగిపోయిన మొహం ఇది కాదు.

"నేను ఆయన వెనకే కూర్చున్నాన్రా. ముప్పై ఏళ్ళు కాగితాలు లెక్కపెట్టినదాన్ని, వేళ్ళు లెక్కపెట్టలేనా? రెండు నుంచి ఎనిమిది దాకా అన్నీ చూశాను. మొదట అదేంటో తెలియలేదు. నువ్వు పాడినప్పుడల్లా వేళ్ళు పెరుగుతుంటే తెలిసింది. పన్నెండేళ్ళుగా నీ వ్యాపారం ఇదేనా?"

అతను తల దించుకున్నాడు.

"నా డబ్బుతోనే మొదలెట్టావు. నాలాంటి వాళ్ళు ఎంతమంది ఆ వెనక కుర్చీల్లో కూర్చునుంటారో," అంది అక్క. తిడుతున్నట్టు లేదు, కూడిక వేసుకుంటున్నట్టు ఉంది. తర్వాత అడిగింది. "ఒక్కటి చెప్పు. నువ్వు పాట మొదలెట్టింది నా కోసమే. అది నాకు తెలుసు. ఎక్కడ మారావు?"

అబద్ధం ఆడదామనుకున్నాడు. చివరి దాకా నీ కోసమే అక్కా, ఇరవై నాలుగే అన్నాను కదా అనొచ్చు. అంకె సాక్ష్యం ఉంది. కానీ వెతుక్కుంటే అతనికే భయమేసింది, ఎందుకంటే ఎక్కడో సరిగ్గా దొరకలేదు.

"మొదటిసారి రెండు వేళ్ళు చూసినప్పుడే సంతోషమేసిందక్కా," అన్నాడు చివరికి. "బహుశా అక్కడే."

అక్క కళ్ళు మూసుకుంది. "నేను నాలుగు దాకా నా కోసమే అనుకున్నాను," అంది.

ఆ మాట అతనికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఏడుపొచ్చింది. యాభై ఏళ్ళవాడు బ్యాంకు వరండాలో, ఇస్త్రీ చొక్కాలో, వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా ఆగి చెప్పాల్సింది చెప్పింది.

"కడితే నీ పన్నెండూ ఇందులోకే వస్తాయి. చిన్న మెషిన్ అమ్మితే అయిదొస్తుంది, మిగతా అయిదున్నరకి నా తిప్పలు నేను పడతాను. ప్రెస్సు నీ పేరునే ఉంటుంది. నేను నడిపి నెలనెలా నీకిస్తాను, కాగితం రాసిస్తాను. మీ ఇల్లు ఇప్పట్లో రాదు. ఆయన కారు కిందుంది. కౌంటరు అదిగో. నేనిక్కడే కూర్చుంటాను. ఏదైనా సరే, ఇంక కేకెయ్యను."

మూగన్న లేచాడు. మెట్ల వైపు నాలుగడుగులు వేశాడు కూడా. కిటికీలోంచి కారు కనబడుతోంది, డ్రైవరు అద్దాలు తుడుస్తున్నాడు. ధరావతు వెనక్కి, పైన మూడు లక్షలు, ఇంకో అయిదు ఎక్కడైనా పుట్టిస్తే పదకొండుసార్లు చూసిన వంటిల్లు. ఒక్క మాట చెప్పి కార్లో కూర్చుంటే సరిపోతుంది. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. పెద్ద మనసుతో వెనక్కి తిరిగాడని రాస్తే నాకూ బాగుండును. ఇంటికెళ్ళి ఇరవై మెట్లెక్కి అక్క తలుపు తట్టే ధైర్యం ఇంక ఎన్నటికీ ఉండదని తట్టింది, అంతే. అందుకు వెనక్కి తిరిగాడు.

కౌంటరు దగ్గర చెక్కు రాశాడు. సంతకం వంకర పోయిందని క్లర్కు మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టాడు. గడియారం రెండుంపావు చూపిస్తోంది. క్లర్కు రసీదు చింపి, ముద్ర గుద్ది ఇచ్చాడు.

బెంచీ దగ్గరికొచ్చి, రసీదు మడిచి జేబులో పెట్టుకోబోయాడు. అక్క చెయ్యి చాచింది.

"అది నా దగ్గరుండనీ."

"నా దగ్గరుంటే ఏమవుతుందక్కా?"

అక్క చాచిన చెయ్యి తీయలేదు. మూగన్న రసీదు ఆ చేతిలో పెట్టాడు. అక్క కళ్ళజోడు తగిలించుకుని పేరు చూసింది, అంకె చూసింది, తేదీ చూసింది, ముద్ర మీద వేలు పెట్టి సిరా అంటుతుందేమో చూసింది. బయటివాళ్ళ దగ్గర డబ్బు తీసుకున్నప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూసింది. చూసి, సంచిలో పెట్టుకుని, జిప్పు లాగింది.

"పద," అంది. "మీ ఆవిడకి ఫోన్ చెయ్యి."